నీళ్ల బిగువు

కర్రకు అబద్ధం చెప్పడం రాదని రాములు నలభై ఏళ్లుగా కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. ఎస్. రాయవరం చుట్టుపక్కల చక్రం కట్టే ప్రతి వడ్రంగి పనినీ వేలి కణుపుతో కొట్టి చూసి, పెదవి విరిచి, నలుగురిలో వాడి పరువు తీసి మరీ చెప్పాడు. అంత గీర మనిషి. గీరకు తగ్గ పనీ ఉండేది, కాదనను. ఆయన కట్టిన బండి చక్రం పదిహేనేళ్లు చెరుకు మోసినా కిర్రుమనేది కాదు.

సొంత చిన్నాన్న కొడుకు నూకరాజుతో మాటలు పోయింది కూడా చక్రం దగ్గరే. నూకరాజు ఒకసారి పచ్చికర్రతో చక్రం కట్టాడు. కీళ్లు వదులొచ్చాయి. ఏం చేశాడంటే, దాన్ని రెండు రోజులు నీళ్లలో నానేసి సంతకు తెచ్చాడు. నానిన కర్ర ఉబ్బి, సందులన్నీ మూసుకుపోయి, చక్రం రాయిలా బిగుస్తుంది. కొన్నవాడు సంబరంగా తోలుకుపోతాడు. నెల తిరిగి ఎండ తగిలేసరికి తడి ఆరిపోయి, కర్ర ముడుచుకుని, వదులు మునుపటికి రెండింతలవుతుంది. దాన్ని ఆ పనివాళ్లు నీళ్ల బిగువు అంటారు. పాలలో నీళ్లు కలిపేవాడికి ఎంత మర్యాదో, నీళ్ల బిగువు పెట్టేవాడికీ అంతే. రాములు ఆ రోజు సంతలో అందరూ చూస్తుండగా ఆ చక్రాన్ని నేలమీద దొర్లించి, తమ్ముడి మొహం మీదే, నువ్వు మా ఇంటి పుట్టుక కాదురా అన్నాడు. నూకరాజు తలెత్తలేదు. ఆ ఏడే ఉలీ సుత్తీ అటకెక్కించి కూలిపనికి పోయాడు. ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

చెరుకు బండ్లకు లారీ టైర్లు వచ్చాక రాములు చక్రాలు అడిగేవాళ్లు తగ్గారు. ట్రాక్టర్లు వచ్చాక అసలే పోయారు. మంచాలు, గుమ్మాలు, గొడ్డలి కామలు చేసుకుంటూ, పని లేనప్పుడు అరుగు మీద కూర్చుని దారిన పోయే సైకిళ్లకు కూడా వంకలు పెడుతూ కాలం గడిపేవాడు. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం అనకాపల్లి నుంచి ఒక మనిషి వచ్చి ఆటో దిగాడు. చేతిలో పుచ్చిపోయిన మోటారు చక్రం ఒకటి ఉంది. దానికి ఇనుప పుల్లలు లేవు. అంచుదాకా పన్నెండు కర్ర ఆకులున్నాయి, మన బండి చక్రంలాగే.

ఆ మనిషి దేవప్రసాద్. ముప్పై ఏళ్లు బస్సుల కింద వెల్లకిలా పడుకుని పనిచేసిన మెకానిక్కు. ఎప్పుడో ఒక పాత బంగళా పడగొడుతుంటే వెనక కోళ్లగూడుగా పడున్న కారొకటి కంటబడింది. ఇంజను మీద 1924 అని అంకె ఉంది. ఏ కంపెనీదో చెప్పే బిళ్లను ఎవరో పీక్కుపోయారు. పాత ఇనుము ధరకు దాన్ని తెచ్చుకుని, రైల్వేస్టేషన్ వెనక తన రేకుల షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టాడు. ఇంట్లోవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఒక్కో మరా విప్పి కిరసనాయిల్లో కడిగాడు. పిస్టన్ రింగులు దొరక్కపోతే మూలపడిన చెరుకు గానుగ ఇంజనువి తెచ్చి సరిపడా అరగదీశాడు. క్లచ్చి తోలు చెప్పులు కుట్టేవాడి దగ్గర కోయించాడు. పై టాపు గుడ్డ పూడిమడకలో తెరచాపలు కుట్టే ముసలాయన చేత కుట్టించాడు. గేరు రాడ్డు మీద గుండు ఏటికొప్పాక లక్కపనిది, ఎరుపూ పసుపూ చారలది. ప్రతి శనివారం సాయంత్రం ముందు హ్యాండిలు తిప్పి ఇంజను లేపి, పది నిమిషాలు చెవి ఒగ్గి వినేవాడు. ఒక్క అడుగు కదల్లేని బండికి అంత సేవ.

ఎందుకు కదల్లేదంటే చక్రాలు లేక. ఆకులన్నీ చెదలు తినేశాయి.

రాములు ఆ చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. దాని మధ్యలో మన బండికి ఉన్నట్టు కుండ లేదు. పన్నెండు ఆకులూ నడిమిన ఒకదాన్నొకటి నొక్కుకుని, వాటి బిగువే కుండగా నిలబడి, రెండు ఇనుప రేకుల మధ్య ఇమిడి ఉన్నాయి. ఒక్కటి వదులైతే పన్నెండూ వదులే. వంక పెట్టడానికి ఏమీ దొరక్క, చివరికి ఒక్క మాటన్నాడు.

"ఎవుడో గానీ, పనోడే సేసేడు బావా."

తెలియని మనిషిని మొదటిరోజే బావా అనడం రాములు పద్ధతి కాదు. దేవప్రసాద్ కూడా అప్పట్నుంచి బావా అనే పిలిచాడు. ఒకడిది ఇనుము, ఒకడిది కర్ర. ఒకడు ఆదివారం చర్చికి పోయేవాడు, ఒకడు నూకాలమ్మకు మొక్కేవాడు. పనిలో మాత్రం ఇద్దరిదీ ఒకే పిచ్చి. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదటికి వచ్చేవాళ్లు.

రాములు తండ్రి అటక మీద దాచిపోయిన తుమ్మచేవ ఉంది. పాతికేళ్లు ఆరిన కర్ర. దాంతో మూడు చక్రాలు కట్టేసరికి నాలుగేళ్లు పట్టింది. నాలుగోదానికి కర్ర చాల్లేదు. రెండువేల మూడు కార్తీకంలో దేవప్రసాదే ఒక తుమ్మ మొద్దు కొనిపించి దించాడు. కోయించి, నీడలో పేర్చి, ఇది ఏడాది ఆరాలని రాములు చెప్పాడు. సరేనన్నాడు దేవప్రసాద్.

ఫిబ్రవరిలో దేవప్రసాద్ స్వీటు పొట్లంతో వచ్చాడు. కూతురు షెకీనాకు పెళ్లి కుదిరింది. అబ్బాయి క్రాంతికుమార్, రైల్వేలో ఉద్యోగం. ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన పెళ్లి.

"దానికి పదేళ్లప్పుడు ఈ బండి తెచ్చేను బావా. అప్పుడు మాటిచ్చేను, నీ పెళ్లికి నిన్ను ఇందులోనే చర్చికి తీసికెళ్తానని. మొన్న అదే గుర్తు చేసింది. మూడు చక్రాలతో వెళ్దామా డాడీ అంటంది," అని నవ్వాడు.

రాములు అనాల్సింది ఒక్క మాట. కర్ర ఆరలేదు బావా. అంతే. ఏం, ఆ మాట ఆయనకు కొత్తా? నలభై ఏళ్లలో ఎంతమంది రైతుల మొహం మీద ఆ మాట కొట్టి పంపలేదు? కానీ ఎదురుగా ఉన్నవాడు రైతు కాదు. ముసలితనంలో, ఎవరికీ అక్కర్లేకుండా పోయాననుకున్న రోజుల్లో వచ్చి, నీ చెయ్యి నాకు కావాలన్న మనిషి. ఆ మనిషి కళ్లలో సంబరం చూసి రాములుకు నోరు పెగల్లేదు. పైగా తన చక్రాలు నాలుగూ రోడ్డు మీద దొర్లుతుంటే చూడాలని తనకూ ఉంది. ఆ ఆశ చిన్నది కాదు.

"అయిపోద్ది," అన్నాడు.

ఏప్రిల్ మూడోవారంలో నాలుగో చక్రం కూడింది. వేలితో కొడితే మిగతా మూడూ ఖణేల్మన్నాయి. ఇది డబ్బుమంది. కీళ్లలో గోరు దూరేంత సందు ఉంది. రాములు దాన్ని విప్పాడు, చెక్కాడు, మళ్లీ కూర్చాడు. మళ్లీ డబ్బుమంది. పెళ్లి ఎనిమిది రోజులుంది. మర్నాడు పొద్దున్న దాన్ని తీసికెళ్లి పెరట్లో పశువుల నీళ్లతొట్టిలో వేసి, పైన రాయి పెట్టాడు.

భార్య మరిడమ్మ పేడకళ్లు ఎత్తడానికి వచ్చి చూసింది. వడ్రంగి ఇంట్లో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి వేరే చెప్పాలా? తట్ట కింద పెట్టి నిలబడిపోయింది.

"నూకరాజు సేసిందే కదా ఇది," అంది.

రాములు పైన రాయి సరిచేసి లోపలికి పోయాడు. రెండు రోజులు అన్నం సరిగా ముట్టలేదు. మూడో రోజు చక్రం తీసి కొడితే ఖణేల్మంది. ఆ శబ్దం వింటే తల తీసేసినట్టయింది ఆయనకు. పైపైన ఆరీ ఆరకముందే ఎర్రరంగు రెండు పూతలు పూసేశాడు. తడి లోపలే దాగింది. తనకు తాను సర్దిచెప్పుకున్నది ఇదీ: ఇంటి నుంచి చర్చికి రెండు కిలోమీటర్లు. రానూపోనూ నాలుగు. ఆ నాలుగూ అది మోస్తుంది. పెళ్లయిన మర్నాడే బావకు నిజం చెప్పి చక్రం ఊడదీసి, ఏడాది ఆరబెట్టి మళ్లీ కడతాను.

పెళ్లినాడు ఆ బండిని చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. తెల్ల తెరచాప గుడ్డ టాపు, చింతపండుతో తోమిన ఇత్తడి దీపాలు, ఎర్రటి చక్రాలు. షెకీనా తెల్లచీరలో వెనక కూర్చుంటే, కొత్త సూటులో చెమటలు కక్కుతూ దేవప్రసాద్ తనే నడిపాడు. రబ్బరు బుడ్డి హారను నొక్కుకుంటూ నడక వేగంతో పోనిచ్చాడు. రాములు పక్కనే నడుస్తూ ఆ నాలుగో చక్రాన్నే, ముందు ఎడమ వైపు బిగించినదాన్నే చూశాడు. పెళ్లికూతురు మొహం ఒక్కసారి కూడా చూడలేదు. చక్రం నిలబడింది.

విందు దగ్గర దేవప్రసాద్ మైకు తీసుకున్నాడు. ఎప్పుడూ నాలుగు మాటలు కూడబలుక్కోలేని మనిషి ఆ రోజు ఆగలేదు. ఈ బండికి ఊపిరి నేను పోసేను, కాళ్లు మా బావ ఇచ్చేడు, ఆయన చక్రంలో అబద్ధం ఉండదు అంటూ రాములును స్టేజీ ఎక్కించి శాలువా కప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇప్పుడెలా చెప్పడం? శాలువా కప్పినవాడికి, కప్పిన గంటకే, నేను నిన్ను మోసం చేశానని ఎలా చెప్పడం? బయల్దేరే ముందు మాత్రం, ఎండలు తగ్గేదాకా బండి కదపొద్దని రాములు ఒక ముక్క అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నీ చక్రానికి ఎండేటి బావా అని నవ్వేశాడు దేవప్రసాద్.

మర్నాడు చెబుదామనుకున్నది వారానికి పోయింది. ఆ వారం జ్వరం. తర్వాతి వారం బంధువుల ఇంట చావు. మూడోవారం ఏ వంకా లేదు, అయినా వెళ్లలేదు. మే నెలాఖరయింది. రోహిణి ఎండకు ఊళ్లో తాటాకు పందిళ్లు పెళపెళమంటున్నాయి. రాములు పగలంతా అరుగు మీద కూర్చుని ఎండ వంక చూసేవాడు. ఆ ఎండకు అనకాపల్లి షెడ్డులో కర్ర ఎంతెంత ముడుచుకుంటోందో కూర్చున్నచోటే ఆయనకు తెలుస్తోంది.

ఒక శుక్రవారం కన్నబాబు కిరాణాకొట్టు నుంచి పిలుపొచ్చింది. ఊళ్లో ఫోను అక్కడే ఉంది. అవతల దేవప్రసాద్. గొంతులో హుషారు. అల్లుడూ కూతురూ కాపురానికి వెళ్లారట. మరిడమ్మకు చీర, రాములుకు పంచెల చాపు కొన్నారట. ఆదివారం ఆరాధన అయ్యాక తీసుకొస్తాడట.

"ముందు ఎడం చక్రం కొంచెం మూలుగుతోంది బావా. అదీ చూద్దువు గాని. బండి మీదే వస్తాను."

కొట్లో నలుగురున్నారు. కన్నబాబు తూకం ఆపి వింటున్నాడు.

"బండి తేకు బావా. నేనే వత్తాను," అన్నాడు రాములు.

"నీ చక్రాలు నీ ఊరు చూడొద్దా? మీ ఊరోళ్లకి చూపించాలని నాకెప్పట్నుంచో ఉంది. పదిలంగానే వస్తాను, ఉంటాను," అని పెట్టేశాడు.

ఏటంటాడు మావా అని కన్నబాబు అడిగాడు. ఆదివారం పాత మోటారు ఊళ్లోకి వస్తుందట అన్నాడు రాములు. అన్నాక తిరిగి ఫోను చెయ్యాలని చెయ్యి చాచి, నలుగురి మొహాలూ చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

ఆదివారం పొద్దున్నే రాములు అడ్డరోడ్డుకు వెళ్లి నిలబడ్డాడు. హైవే మీంచి ఊరివైపు బండి తిరగాల్సింది అక్కడే. అక్కడే ఆపేస్తాను, బావ కాళ్లు పట్టుకుని అయినా చెప్పేస్తాను, చక్రం ఊడదీసి భుజాన వేసుకుపోతాను అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. దారంతా ఆ మాటలే కూర్చుకున్నాడు.

పన్నెండు దాటాక బుడ్డి హారను వినబడింది. లారీలు పక్కకు తప్పుకుని మరీ దారిస్తున్నాయి. దేవప్రసాద్ టీకొట్టు ముందు ఆపి, నెత్తిన తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటూ, ఎండలో నా కోసం ఎదురొచ్చేవా బావా అన్నాడు. కళ్లు చెమర్చాయి ఆయనకు. లారీ డ్రైవర్లు, టీ తాగేవాళ్లు, బస్సు కోసం ఆగినవాళ్లు అందరూ బండి చుట్టూ మూగారు. ఇది ఎన్నేళ్లది, చక్రాలు కర్రవా అని అడిగారు. కర్రవే, ఇదిగో, చేసినాయన ఈయనే అని దేవప్రసాద్ రాములు భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు.

రాములు వంగి ముందు ఎడమ చక్రం చూశాడు. ఆకుల మొదళ్ల దగ్గర రంగు సన్నగా బీటలిచ్చింది. ఆరు చోట్ల. ఒక ఆకు పట్టుకుని లాగితే చేతిలో కదిలింది. ఎంతో కాదు, బియ్యపు గింజంత. చూసేవాడికి కనబడదు, పట్టుకున్నవాడికే తెలుస్తుంది.

"ఏటైనా ఉందా బావా?" దేవప్రసాద్ అడిగాడు. జనమంతా చూస్తున్నారు.

"ఏటీ లేదు. రంగు బీట్లిచ్చింది," అన్నాడు రాములు. "మెల్లగా పోనీ."

ఊరు ఆరు కిలోమీటర్లు. ఆరే కదా అనుకున్నాడు. ఇంటికి చేరాక, తలుపు వేసుకుని, ఇద్దరమే ఉన్నప్పుడు చెబుతాను. అనుకుని, తిరిగొచ్చి డ్రైవరు పక్కన ఎడమ సీట్లో, సరిగ్గా ఆ చక్రం వెనకే ఎక్కి కూర్చున్నాడు. విరిగితే నా వైపే విరుగుతుంది, పోతే నేనే పోతాను అని ఒక లెక్క. ఎంత పిచ్చి లెక్కో చూడండి. ఉన్న బరువు చాలక తన బరువు కూడా దాని మీదే మోపాడు.

దారిలో దేవప్రసాద్ మాట్లాడుతూనే ఉన్నాడు. విశాఖపట్నంలో ఎవరి దగ్గరో ఇలాంటిదే ఇంకో బండి ఉందట. చక్రాలు మనల్నే అడుగుతున్నారట. రాములు ఊఁ కొడుతూ చక్రం మూలుగు విన్నాడు. కాలువ వంతెన కనబడింది. దానవతల ఊరి పిల్లలు రోడ్డు మీదకు వచ్చి నిలబడి చేతులూపుతున్నారు. వాళ్లను చూసి దేవప్రసాద్ హారను నొక్కాడు. వంతెన ముందు చిన్న మలుపు. బండి కుడికి తిరిగేసరికి బరువంతా ఎడమకు వచ్చింది. చక్రం మూలగడం ఆపేసింది. ఎండు కర్రలు ఒకేసారి విరిచినట్టు చప్పుడయింది.

రాములు కాలువ గట్టు బురదలో పడ్డాడు. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. బండి ముక్కు వంతెన గోడను కొట్టింది. స్టీరింగు దేవప్రసాద్ గుండెలకు గుద్దుకుంది. జనం పరుగెత్తుకొచ్చి దించేసరికే ప్రాణం లేదు. సీటు కింద చీరా పంచెల చాపూ ఉన్న కవరు నలక్కుండా అలాగే ఉంది. లక్క గుండు ఊడి దొర్లుకుంటూ పోయి రోడ్డు పక్క గడ్డిలో ఆగింది.

రోడ్డు మీద రాయి ఉందన్నారు. పెద్దాయనకు ఎండ తగిలి కళ్లు తిరిగాయన్నారు. ఎనభై ఏళ్ల నాటి బండిని అంత దూరం తేవడమే తప్పన్నారు. రాములు చక్రాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆయన్ను అనడానికి ఎవరికి నోరొస్తుంది? విరిగిన చక్రం ముక్కల్ని ఊళ్లోవాళ్లు గోనెలో వేసి ఆయన పెరట్లో పెట్టి పోయారు.

సిమెంటు కట్టు వేయించుకుని వచ్చిన నాలుగో రోజు నూకరాజు వచ్చాడు. ఆ గుమ్మం తొక్కి పద్నాలుగేళ్లు. ఎలా ఉందని అడిగి, పెరట్లోకి వెళ్లి, గోనెలోంచి ఒక ఆకు తీశాడు. మొదలు వేలితో తడిమాడు. రంగు లోపల నల్లబడిన కర్రను గోటితో గీరి చూశాడు. రాములు మంచం మీంచి అంతా చూస్తున్నాడు. సంతలో తను అన్న మాట ఇప్పుడు తిరిగి తన మొహాన పడుతుందని, పడితే బాగుండునని కాచుక్కూర్చున్నాడు. నూకరాజు ఆ ముక్కను గోనెలో పెట్టి, మూతి బిగించి కట్టాడు. ఆరోగ్గెం సూసుకో అన్నియ్యా అని చెప్పి వెళ్లిపోయాడు. రాములు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జూన్ చివర్లో దేవప్రసాద్ భార్య స్వర్ణకుమారి ఆటోలో వచ్చింది. టీచరు పని చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తురాలు. భర్త రాములును బావా అనేవాడు కాబట్టి ఈమె అన్నయ్యా అంటుంది. ఆ కవరు తెచ్చి మరిడమ్మ చేతికిచ్చింది.

"మీకు ఇవ్వాలనే బయల్దేరేరు. ఇవ్వకుండా ఇంట్లో ఉంచుకోలేకపోయేను," అంది.

రాములు ఇక ఆగలేకపోయాడు. మంచం దిగి నేలమీద కూర్చుని, అంతా చెప్పాడు. కర్ర ఆరలేదని చెప్పాడు. తొట్టిలో నానేశానని, పైన రంగు పూసి దాచానని, అడ్డరోడ్డులో ఆకు చేతిలో కదిలినా ఏమీ లేదన్నానని చెప్పాడు. బావను నేనే సంపేసేనమ్మా అన్నాడు. ఏడుపు అడ్డొచ్చి సగం మాటలు మింగాడు గానీ, దాచిందేమీ లేదు.

స్వర్ణకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి రాములు మీద జాలితో వచ్చిన నీళ్లు.

"మీరు ఆ చక్రం వెనకే కూర్చున్నారు కదన్నయ్యా. తెలిసుంటే ఎక్కుతారా?" అంది. "ఆయన ఎన్నిసార్లు చెప్పేరో నాకు. అలాంటి పని చేసినందుకు సొంత తమ్ముడినే వదిలేసుకున్న మనిషి మీరు. మీ మీద మీరు ఇలా నింద వేసుకోకండి. ఆయన ఆత్మకు శాంతి ఉండదు."

"మరిడీ, నువ్వయినా సెప్పు," అన్నాడు రాములు. "తొట్టిలో సూసేవా లేదా, సెప్పు."

మరిడమ్మ చేతిలో కవరు ఉంది. ఆమె భర్త వైపు చూడలేదు, వచ్చినామె వైపూ చూడలేదు. నేల చూపులు చూస్తూ, పడ్డకాడి నుంచీ ఇలాగే మాటాడతన్నాడమ్మా అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. స్వర్ణకుమారి తల ఊపి ఊరుకుంది. నలభై ఏళ్లు పోగేసుకున్న మంచిపేరు గోడలా అడ్డం నిలబడింది. ఆ గోడ దాటి రాములు నిజం అవతలికి పోలేదు. ఎవరైనా తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, ఆ ముసలాడు ఆ రాత్రయినా కంటినిండా నిద్రపోయేవాడు.

కాసేపటికి ఆమె వచ్చిన రెండో పని చెప్పింది. వచ్చే నెల జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారు. సమాధి దగ్గర రాతిది వద్దని, కర్ర సిలువ పెట్టాలని షెకీనా కోరిక. చక్రాలకని ఆయన కొన్న తుమ్మ మొద్దులో కర్ర మిగిలే ఉంది కదా, దాంతో మీరే దగ్గరుండి చేయిస్తే బాగుంటుందని అంది. కూడికకు బంధువులంతా వస్తారు, అప్పటికి అందితే చాలని కూడా అంది.

రాములు లేచాడు. కట్టుతో ఉన్న చెయ్యి ఒడిసిపట్టుకుని పెరటి నీడలోకి వెళ్లి, పేర్చిన చెక్కల్లో ఒకదాని మీద ఎడమచెయ్యి వేసి నిలబడ్డాడు. వేలి కణుపుతో కొట్టాడు. డబ్బుమంది. స్వర్ణకుమారి గుమ్మంలోకి వచ్చి చూస్తోంది. అనాల్సిన ఆ ఒక్క మాట, ఫిబ్రవరిలో స్వీటు పొట్లం ముందు గొంతులో ఇరుక్కున్న మాట, ఇప్పుడు బయటికొచ్చింది.

"కర్ర ఆరలేదమ్మా. ఇంకా తడుంది. కార్తీకం దాటాల. అందాకా ఉలెట్టను," అన్నాడు.

అని, ఆమె ఏమంటుందోనని కళ్లు మూసుకున్నాడు.

"అయితే ఆగుదాం అన్నయ్యా. ఆరేకే చేయించండి," అంది స్వర్ణకుమారి. "తొందరేముంది?"

అంతే. ఆ మాట అనడానికి ఆమెకు క్షణం పట్టలేదు. ఆ రోజు చెప్పి ఉంటే బావ కూడా ఇదే అనేవాడని, షెకీనాను నవ్విస్తూ ఇంకో బండిలో చర్చికి తీసికెళ్లేవాడని, ఈ పాటికి శనివారం సాయంత్రాలు హ్యాండిలు తిప్పుకుంటూ ఉండేవాడని రాములుకు అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది. చెక్కల మీద తల ఆన్చి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. చెల్లెలి వరసలో స్వర్ణకుమారి వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. మరిడమ్మ లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక, గ్లాసు తొట్టి గట్టు మీద పెట్టింది.